మెనూ కార్డు చదవడం ఎలా?

– పూర్వ విద్యార్థిని, ఎం.కామ్. చివరి సంవత్సరం, హైదరాబాద్



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడమ్ ఫోన్ చేశారు. "కష్టపడి చదవండి" అని రాస్తాననుకుని ఉంటారు. ఆ మాట మీకు చెప్పేవాళ్లు ఈ సంచికలోనే కనీసం నలుగురు ఉంటారు. నేను మాత్రం నాకు ఎవరూ చెప్పని విషయం ఒకటి రాస్తున్నాను. పట్నంలో హోటల్లోకి ఎలా వెళ్లాలి, ఏం తీసుకోవాలి, బిల్లు ఎలా చదవాలి అన్నదే ఆ విషయం. నవ్వకండి. ఇది తెలియక నేను డిగ్రీ మూడేళ్లలో రెండేళ్లు అబద్ధాలాడుతూ గడిపాను.

పదో తరగతి దాకా మన హాస్టల్లోనే ఉండి, ఇంటర్ అయ్యాక డిగ్రీకి కోఠి వచ్చాను. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది నేనే మొదలు. వచ్చిన నెలలోనే ముగ్గురం హాస్టల్ అమ్మాయిలం కలిసి ఆబిడ్స్ వైపు ఒక హోటల్‌కి వెళ్లాం. అద్దాల తలుపు, ఏసీ. కూర్చోగానే గ్లాసుల్లో నీళ్లు పోసి, చేతికి మెనూ ఇచ్చారు. ధరలు చూసి ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ నీళ్లు తాగేసి లేచి వచ్చేశాం. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. వెనక నుంచి ఎవరో నవ్విన చప్పుడు వినిపించింది. అది మా గురించో కాదో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు మాత్రం మా గురించే అనిపించింది.

అప్పటి నుంచి క్లాసులో ఎవరి పుట్టినరోజు పార్టీ అన్నా నాకు ఉపవాసమే. సోమవారం శివుడికి, గురువారం బాబాకి, శనివారం వెంకన్నకి. మంగళవారం పార్టీ పెడితే ఆంజనేయస్వామిని కూడా వదల్లేదు. నన్ను అందరూ మహా భక్తురాలిననుకునేవారు. మూడో ఏడాది ఒక స్నేహితురాలు మరీ నిలదీస్తే నిజం చెప్పేశాను. "ముందే చెప్తే బండి దగ్గరే తినేవాళ్లం కదే" అంది. కోపంగానే అంది. రెండేళ్లు తనను దూరం పెట్టినందుకు వచ్చిన కోపం అది.

నా భయంలో సగం డబ్బు గురించి. అది నిజమైన భయమే. మన తెలంగాణలో 2024లో హాస్టళ్ల డైట్ చార్జీలు పెంచారు. ఎనిమిది నుంచి పది తరగతుల వాళ్లకు నెలకు 1,100 ఉన్నది 1,540 అయింది. ఇంటర్ నుంచి పీజీ దాకా 1,500 ఉన్నది 2,100 అయింది. అంటే మాకు రోజుకు 70 రూపాయలు. పొద్దున టిఫిన్, రెండు పూటల అన్నం అన్నీ అందులోనే. పెద్ద కంపెనీ బర్గర్ షాపులో ఒక చికెన్ బర్గర్, వేయించిన ఆలుగడ్డ ముక్కలు, కూల్ డ్రింకు తీసుకుంటే మన మూడు నాలుగు రోజుల తిండి ఒక్క ట్రేలో వచ్చేస్తుంది. అందుకే ఊరికే వెళ్లండని నేను చెప్పను. మిగతా సగం భయం మాత్రం తెలియకపోవడం వల్ల వచ్చేది. ఈ వ్యాసం దాని కోసమే.

మొదటిసారి ఇరానీ హోటల్‌కి వెళ్లండి. ఇరాన్‌లోని యజ్ద్ వైపు నుంచి వలస వచ్చినవాళ్లు బొంబాయి, పూణేల మీదుగా హైదరాబాద్ చేరి పెట్టిన చాయ్ దుకాణాలివి. ఆబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935 నాటిది. చార్మినార్ పక్కన నిమ్రా ఉంది. ఇక్కడ మన ఇంట్లోలా పాలు, పొడి కలిపి మరిగించరు. డికాక్షన్ ఒక గిన్నెలో మూత కింద చాలాసేపు మరుగుతుంది, పాలు ఇంకో గిన్నెలో చిక్కబడుతుంటాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. పాలు ఎక్కువ కావాలంటే "పౌనా" అనాలి. తోడుగా ఉస్మానియా బిస్కెట్. ఆకలిగా ఉంటే లుఖ్మీ అడగండి. నలుచదరంగా ఉంటుంది, లోపల కీమా.

ఇక్కడ ఖాళీ కుర్చీ కనిపిస్తే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా వచ్చి మన టేబుల్ దగ్గరే కూర్చుంటారు. కంగారు పడకండి, అది అక్కడి పద్ధతి. డబ్బు గల్లా దగ్గర కట్టాలి. కింద హాల్లో ఎక్కువగా మగవాళ్లే ఉంటారు. మెట్ల దగ్గరో, ఒక పక్కనో "ఫ్యామిలీ సెక్షన్" అని బోర్డు ఉంటుంది. ఫ్యామిలీ అంటే మొగుడూ పిల్లలూ ఉండాలని కాదు. ఇద్దరు అమ్మాయిలు వెళ్లినా ఫ్యామిలీయే. మొదటిసారి సర్వర్ "ఫ్యామిలీ ఊపర్" అంటే నేను "ఫ్యామిలీ నహీ, క్లాస్‌మేట్స్" అని జవాబు చెప్పాను. కొన్నిచోట్ల పైన ధర ఎక్కువ ఉంటుంది, అడిగి కూర్చోండి. ఇప్పుడు నేను కిందే కూర్చుంటున్నాను. ఇంతవరకూ ఎవరూ వద్దనలేదు.

కిందటేడు మా నాయిన కంటి పరీక్షకు కోఠి వచ్చాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని ఇరానీ హోటల్‌కి తీసుకుపోయాను. గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోయాడు. "ఇది గుడి కాదు నాయినా" అన్నాను. "మనల్ని లోపల కూసోనిస్తరా బిడ్డా?" అన్నాడు. మా ఊరి చాయ్ హోటల్లో మా నాయిన వయసువాళ్లకు గ్లాసు వేరే ఉండేది. అది చూరులో దోపి ఉండేది. తాగి, కడిగి, మళ్లీ చూరులోనే పెట్టాలి. ఇప్పుడు మా ఊళ్లో అందరికీ కాగితం కప్పులే, కాబట్టి ఆ సంగతి ఎవరూ మాట్లాడరు. నాయిన చాయ్ తాగాడు. తాగాక కప్పూ సాసరూ పట్టుకుని లేచి కుళాయి ఎక్కడుందా అని చూస్తున్నాడు. సర్వర్ వచ్చి "రఖో బాబా" అని చేతిలోంచి తీసుకుపోయి అందరి కప్పులూ ఉన్న తొట్టిలోనే వేశాడు. నాయిన చాలాసేపు ఆ తొట్టి వైపే చూశాడు. ఇంకో చాయ్ తాగుతావా అంటే "ఎంతైంది?" అన్నాడు.

చెల్లెళ్లారా, రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం ఒక్కసారి తీసి చదవండి. కులం, మతం, జాతి, పుట్టిన చోటు, ఆడా మగా అన్న కారణంతో ఏ పౌరుడినీ దుకాణాల్లోకి, రెస్టారెంట్లలోకి, హోటళ్లలోకి రాకుండా ఆపకూడదని అందులో ఉంది. బావులు, చెరువుల సంగతి దాని తర్వాతే వస్తుంది. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో ఇది చర్చకు వచ్చినప్పుడు, షాపు అంటే లోపలికి రానివ్వడం ఒక్కటే కాదు, అక్కడ దొరికే సేవ కూడా ఇవ్వాలన్న విశాలమైన అర్థంలోనే ఆ మాట వాడామని అంబేద్కర్ వివరించారు. వేరే గ్లాసు పెట్టడం నేరమే. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టాన్నే 1976లో పౌరహక్కుల రక్షణ చట్టంగా మార్చారు. మెనూ చూసి లేచిపోయిన రోజున నేను వీటిని పరీక్ష కోసం చదివి ఉన్నాను. హోటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

ఇక మెనూ. దాన్ని కుడివైపు నుంచి చదవండి. ముందు ధర, తర్వాత పేరు. బిల్లు పెరిగేది సాధారణంగా బిర్యానీ వల్ల కాదు, దానికి ముందు తెప్పించుకునే స్టార్టర్ల వల్ల. హైదరాబాద్ హోటళ్లలో బిర్యానీకి సింగిల్, ఫుల్, ఫ్యామిలీ ప్యాక్, జంబో అని కొలతలుంటాయి. "ఎంతమందికి సరిపోతుంది?" అని సర్వర్‌ని అడగండి. రోజుకు వందమంది అడిగే ప్రశ్న అది. ఒక ఫుల్ ఇద్దరు పంచుకోవడం తప్పేమీ కాదు, ఖాళీ ప్లేటు వాళ్లే ఇస్తారు. మిర్చీ కా సాలన్, పెరుగు చట్నీ బిర్యానీతో పాటు ఊరికే వస్తాయి, అయిపోతే మళ్లీ పోస్తారు. నీళ్ల దగ్గర మాత్రం జాగ్రత్త. "బాటిలా, మామూలు నీళ్లా?" అని అడిగితే మామూలువే అనండి. హోటల్లో కూర్చుని తాగే బాటిల్‌కు దాని మీద అచ్చువేసిన ధర కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. చివర్లో నిమ్మకాయ ముక్క వేసిన గోరువెచ్చటి నీళ్ల గిన్నె తెస్తే అది చేతులు కడుక్కోవడానికి. తాగేవి కావు.

బిల్లు నా సబ్జెక్టు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. జీఎస్టీ 2017 జులై 1న వచ్చినప్పుడు ఏసీ హోటళ్లకు 18 శాతం, ఏసీ లేనివాటికి 12 శాతం ఉండేది. అదే ఏడాది నవంబరు 15 నుంచి రెండింటికీ 5 శాతమే. రోజుకు 7,500 రూపాయలు దాటిన గదులున్న పెద్ద స్టార్ హోటళ్లలో 18 శాతం ఉంటుంది, వాటి సంగతి మనకెందుకు. మీరు నలుగురు కలిసి 640 రూపాయల తిండి తిన్నారనుకోండి. సీజీఎస్టీ 16, ఎస్‌జీఎస్టీ 16, మొత్తం 672. తలా 168. ఆర్డర్ చెప్పేముందే ఈ లెక్క మనసులో వేసుకుంటే బిల్లు వచ్చినప్పుడు గుండె దడ ఉండదు.

బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి. అది తెలంగాణలో 36తో, ఆంధ్రప్రదేశ్‌లో 37తో మొదలవుతుంది. నంబరు లేకుండా పన్ను వేశారంటే అది పన్ను కాదు, వాళ్ల జేబులోకి పోయే డబ్బు. ఏడాదికి కోటిన్నర లోపు అమ్మకాలుండి కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న హోటళ్లు తమ పన్ను తామే కట్టుకోవాలి. మన బిల్లులో దాన్ని విడిగా కలపకూడదు.

ఇంకోటి సర్వీస్ చార్జ్. 640 మీద 10 శాతం అంటే 64 రూపాయలు. ఇది పన్ను కాదు. హోటల్ తనంతట తాను బిల్లులో దీన్ని కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగండి. వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. నేను ఒక్కసారి అడిగాను. మేనేజర్ ముఖం మాడ్చుకున్నా, తీసేసి కొత్త బిల్లు ఇచ్చాడు. టిప్పు వేరే సంగతి, అది మన ఇష్టం. నేను పదో ఇరవయ్యో సోంపు ప్లేటులో పెడతాను. ఆ సర్వర్లలో చాలామంది మన అన్నదమ్ముల లాంటివాళ్లే.

బర్గర్ షాపులో పద్ధతి వేరు. కూర్చుంటే ఎవరూ రారు. ఇది తెలియక నేను పావుగంట కూర్చున్నాను. ముందు కౌంటర్ దగ్గర నిలబడి చెప్పాలి, డబ్బు కట్టాలి, నంబరు తీసుకోవాలి. నంబరు పిలిచాక ట్రే మనమే తెచ్చుకోవాలి. తిన్నాక ఆ ట్రేలో చెత్త మనమే డబ్బాలో వేయాలి. మెస్సులో కంచం పట్టుకుని వరుసలో నిలబడ్డవాళ్లం, మనకిది కొత్త కాదు. అసలు చిక్కు కౌంటర్ దగ్గరే ఉంటుంది. "మీల్ చేయమంటారా మేడమ్?", "లార్జ్ చేయమంటారా?" అని వరసగా అడుగుతారు. ఒక్కో "ఊఁ"కు డబ్బు పెరుగుతుంది. "వద్దు, బర్గర్ ఒక్కటే" అనాలి. ఈ వాక్యం అద్దం ముందు రెండుసార్లు అని చూసుకోండి. నేను అన్నాను.

మన దేశంలో మెక్‌డొనాల్డ్స్ మొదటి షాపు 1996 అక్టోబరులో ఢిల్లీ వసంత్ విహార్‌లో తెరిచారు. మొదటి రోజు నుంచీ అందులో బీఫ్ లేదు. మన నాలుకకు తగ్గట్టు ఆలుగడ్డ టిక్కీతో బర్గర్ చేసి, ఒకప్పుడు 20 రూపాయలకే అమ్మారు. కానీ అమెరికాలో బర్గర్ అంటే పెద్దకూరే. ఇది తెలిసిన రోజు నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంట్లో పెద్దకూర వండిన మర్నాడు బడికి పోయేముందు నేను చేతులు వాసన చూసుకునేదాన్ని. అదే మాంసం ముద్ద చేసి బన్నులో పెడితే ప్రపంచమంతా లైన్లో నిలబడి కొంటోంది. ఆ మాటకొస్తే మన హైదరాబాద్‌లోనే కల్యాణి బిర్యానీ ఉంది, బర్రె మాంసంతో చేసేది. పేదవాడి బిర్యానీ అంటారు.

బర్గర్ రుచి ఎలా ఉందంటారా? బాగానే ఉంది. మన హాస్టల్ ఆదివారం చికెన్ అంత లేదు. ఇది వార్డెన్ మేడమ్ కోసం రాయలేదు, నిజంగానే.

మన వాళ్లెవరైనా పరీక్షకో, కౌన్సెలింగుకో కోఠి వైపు వస్తే మేడమ్ దగ్గర నా నంబరు తీసుకోండి. సుల్తాన్ బజార్ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గరికి వస్తాను. పౌనా తాగుదాం. ఎవరి చాయ్ డబ్బులు వాళ్లవే, బిస్కెట్లు మాత్రం నావి.