చిట్టడవిలో కాలిన నేలను కొలుచుట ఎట్లు?

మాఘ ఫాల్గుణములు గడచుసరికి కర్నూలు, కడప సీమల కొండలపై గడ్డి పూర్తిగా ఎండిపోవును. నల్లమల, లంకమల, పాలకొండల వాలులలో రాత్రివేళ నిప్పు సన్నని ఎర్రని గీతవలె ప్రాకుట దిగువ గ్రామములవారికి క్రొత్త దృశ్యము కాదు. క్రొత్త చిగురుకై పశువుల కాపరులు పెట్టిన మంటయో, త్రోవన పోవువారు పారవేసిన బీడీయో దానికి కారణమగును. ఒకటి రెండు వానలు పడినంతనే మసి కొట్టుకొనిపోయి నేల మరల పచ్చబడును. ఈ ఏడు ఎంత చిట్టడవి కాలినది, పదేండ్ల క్రిందటికంటె ఎక్కువయా తక్కువయా అని అడిగినచో జవాబు చెప్పుట కష్టమగుటకు ఇదియే మొదటి కారణము.

ఇది ఊరక అడిగిన ప్రశ్న కాదు. 1900 తరువాత ఎవరికిని కనబడక, అంతరించినదని తలపబడిన కలివికోడి 1986లో లంకమల ప్రాంతపు చిట్టడవిలో మరల కనబడినది. దానికి దట్టమైన అడవి పనికిరాదు. బొత్తిగా బోడినేలయు పనికిరాదు. హెక్టారుకు సుమారు 300 నుండి 700 వరకు పెద్ద పొదలున్న చోట్లనే అది ఎక్కువగా తిరుగునని పరిశోధకులు కనుగొన్నారు. ఏటేట నిప్పు పడినచో ఈ పొదల లెక్క తప్పును. కాని ఆ నిప్పు మన పట్టికలలో కనబడవలె గదా!

అసలు చిట్టడవి పట్టికలలో ఎక్కడ ఉన్నది? భారత అటవీ సర్వేక్షణ సంస్థ లెక్కలో చెట్ల కొమ్మల నీడ నేలలో పదవ వంతునకు తక్కువగా ఉన్న అటవీభూమి ‘పొదల నేల’. అది అడవి విస్తీర్ణములో చేరదు. బంజరు భూముల అట్లాసులో మాత్రము పొదలతో నిండిన నేల బంజరుగా చేరినది. కలివికోడికి ఇల్లయిన నేలను బంజరనుట నాకు సబబుగా తోచదు. అది అటుండగా, ఒక్కొక్క పటములో ఒక్కొక్క నిర్వచనమున్నపుడు ‘కాలిన చిట్టడవి’ అంకె కూడ పటమును బట్టి మారునని గ్రహింపవలెను.

ఇక కొలత సంగతి. ఉపగ్రహము నిప్పును రెండు విధముల చూడగలదు. మంట మండుచుండగా దాని వేడిని పట్టుట ఒకటి. ఆరిన పిదప మిగిలిన మచ్చను పట్టుట మరియొకటి. 1999లో ఎగిరిన టెర్రా, 2002లో ఎగిరిన ఆక్వా ఉపగ్రహములలోని ‘మోడిస్’ పరికరములు రెండును కలిసి మన ప్రాంతమును దినమునకు సుమారు నాలుగు మారులు చూచునట్లు ఏర్పాటైనవి. గడ్డిమంట మధ్యాహ్నము మూడు గంటలకు రేగి చీకటి పడకముందే ఆరినచో వాటి కంట పడదు. కనుక విస్తీర్ణమునకు మచ్చయే ఆధారము.

పచ్చని ఆకు సమీప పరారుణ కిరణములను బాగుగా త్రిప్పి పంపును. దానికంటె దీర్ఘమైన మరియొక పరారుణమును ఆకులోని నీరు పీల్చుకొనును. కాలిన నేల దీనికి విరుద్ధముగా ప్రవర్తించును. ఈ రెంటి భేదమును రెంటి మొత్తముచే భాగించిన వచ్చునది దహన సూచిక. ఉదాహరణకు, పచ్చని అడవిలో ఆ విలువలు 30, 20 అనుకొందము, సూచిక 0.20. కాలిన పిమ్మట 15, 25 అయినచో సూచిక −0.25. భేదము 0.45, స్పష్టముగా తెలియును. మరి ఏప్రిల్ నాటి చిట్టడవి? ఆకులు రాలి, గడ్డి ఎండి, విలువలు కాలకమునుపే 24, 28 కావచ్చును, సూచిక −0.08. కాలిన తరువాత 16, 26 అయినచో −0.24. భేదము 0.16 మాత్రమే. మంట నిజమే గాని గుర్తు బలహీనము. పైగా కుందూ లోయలో శనగ కోసిన నల్లరేగడి పొలము పైనుండి చూచువానికి కాలిన నేలవలె నల్లగా కనబడి భ్రమ గొల్పును.

గడి పరిమాణము మరియొక చిక్కు. మోడిస్ కాలిన నేల పటములో ఒక గడి ప్రక్క 500 మీటర్లు, అనగా 25 హెక్టార్లు. లాండ్‌శాట్ గడి 30 మీటర్లు, 0.09 హెక్టారు. విద్యార్థులు దీనిని గ్రాఫు కాగితముపై పరీక్షింపవచ్చును. ఒక సెంటీమీటరు 500 మీటర్లకు సమానమనుకొని, మూడు వేరువేరు పెద్ద గడులలో 8 మి.మీ. పొడవు, 5 మి.మీ. వెడల్పుగల మచ్చ నొక్కొక్కటి గీయుడు. ఒక్కొక్కటి 10 హెక్టార్లు. సగముకంటె ఎక్కువ నిండిన గడినే కాలినదిగా లెక్కించుడు. చిన్న గడులతో 30 హెక్టార్లు వచ్చును. పెద్ద గడులతో సున్న! నిజమైన పద్ధతి ఇంత మొరటుది కాదు గాని, లోపము ఈ జాతిదే. 2016 సంవత్సరమునకు సహారాకు దక్షిణమున ఉన్న ఆఫ్రికాను సెంటినెల్-2 ఉపగ్రహపు చిన్న గడులతో కొలువగా, కాలిన నేల మోడిస్ లెక్కకంటె సుమారు 80 శాతము అధికముగా తేలినది.

అందుచేత కొలబద్ద మార్చి ధోరణి చెప్పరాదు. 2011లో ఎగిరిన ఉపగ్రహములోని ‘విర్స్’ పరికరపు గడి 375 మీటర్లు. మోడిస్ మంటల గడి ఒక కిలోమీటరు. విర్స్ చుక్కలు మోడిస్ చుక్కలకు అనేక రెట్లు ఉండును. రెంటిని ఒకే గీతలో అతికించినచో అడవిలో ఏమియు మారకున్నను మంటలు పెచ్చుపెరిగినట్లు కనబడును. రెండు పరికరములును కలిసి పనిచేసిన సంవత్సరములు చాల కలవు. ఆ సంవత్సరముల లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి, పాత కొలతను క్రొత్త కొలతలోనికి మార్చు నిష్పత్తిని చిట్టడవికి వేరుగా, దట్టపు అడవికి వేరుగా కట్టవలెను. హద్దులును స్థిరముగా ఉండవలెను. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడినపుడు కర్నూలు జిల్లాలోని నల్లమల ఆ జిల్లాకు పోయినది. ఆ ఏటికి ముందు వెనుకల కర్నూలు జిల్లా మొత్తములను పోల్చువానికి మంటలు ఒక్కసారిగా తగ్గినట్లు తోచును. జిల్లాకు బదులు కొండల వరుసను, దాని చుట్టు గీచిన మారని గీతను ప్రమాణముగా తీసికొన్నచో ఈ తికమక ఉండదు.