నాలుగు నెలల ముసురు: సముద్రం చుట్టూ ఉన్న దేశంలో చలికాలం గడపటం ఎలా?

మన హయత్‌నగర్ నుంచి, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజనీరింగు కళాశాలల నుంచి ఏటా ఎందరో పిల్లలు పైచదువులకు పరదేశం పోతున్నారు. వారిలో ఐర్లాండు, బ్రిటన్ వెళ్ళేవారూ తక్కువేం కాదు. వీసా ఎలా తెచ్చుకోవాలి, ఫీజు ఎంత అని చెప్పేవారికి కొదవ లేదు. అక్కడి చలికాలం ఎలా గడపాలో చెప్పేవారే తక్కువ. డబ్లిన్ నగరంలో రెండు చలికాలాలు గడిపినవాణ్ణి కనుక, ఈ సంచికకు ఆ సంగతే రాస్తానని విద్యార్థి సంఘం వారికి మాట ఇచ్చాను.

ఇది సరదా ముచ్చట కాదు. అక్కడ ఎమ్మెస్సీ కోర్సులు చాలావరకు ఏడాదివే. సెప్టెంబరులో చేరతారు. దారులు తెలిసేలోగా నవంబరు వస్తుంది. ఇక ఫిబ్రవరి దాకా చలి వదలదు. మొదటి పరీక్షలు కూడా ఆ రోజుల్లోనే. ఇంటివాళ్ళు అప్పు చేసి పంపిన చదువు గట్టెక్కటమో, జారిపోవటమో ఆ నాలుగు నెలల్లోనే చాలామందికి తేలిపోతుంది.

మంచు కాదు, ముసురు

చలిదేశం అనగానే మనకు సినిమాల్లో చూసిన మంచు కళ్ళముందు మెదులుతుంది. చుట్టూ సముద్రం ఉన్న దేశంలో చలి తీరే వేరు. డబ్లిన్ 53 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అదే అక్షాంశం మీద ఉన్న కెనడాలోని లాబ్రడార్ నేల జనవరిలో గడ్డకట్టుకుపోతుంది. డబ్లిన్‌లో జనవరి సగటు మాత్రం 5 డిగ్రీల దగ్గర ఉంటుంది. కారణం సముద్రమే. ఎండాకాలం పట్టుకున్న వేడిని నీరు మెల్లమెల్లగా వదులుతుంది. అట్లాంటిక్‌లో దక్షిణం నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం దానికి తోడవుతుంది. పడమటి గాలులు ఆ వెచ్చదనాన్ని నేల మీదికి మోసుకొస్తాయి. కాని వెచ్చదనంతోబాటు తేమనూ మోసుకొస్తాయి. అందుకే అక్కడ మంచు తక్కువ, తుంపర ఎక్కువ.

ఇక్కడొక తమాషా ఉంది. డబ్లిన్‌లో ఏడాదికి కురిసే వాన సుమారు 750 మిల్లీమీటర్లు. మన హైదరాబాదులో కురిసేది 800 పైనే. మెట్ట సేద్య పరిశోధన క్షేత్రం పెట్టుకున్న మన హయత్‌నగర్‌లో చినుకు కోసం ఆకాశం చూస్తామే, అంతకంటే ఎక్కువేం పడదన్నమాట అక్కడ! తేడా అల్లా పడే తీరులో ఉంది. మన వాన నాలుగు నెలలు దంచి వెళ్ళిపోతుంది. అక్కడిది ఏడాది పొడవునా సన్నగా జల్లుతూనే ఉంటుంది. దీనికి మన దగ్గర చక్కని మాట ఉంది: ముసురు. చలికాలం అనుకుని పెట్టె సర్దుకుంటే ఒక లెక్క, నాలుగు నెలల ముసురు అనుకుని సర్దుకుంటే ఇంకో లెక్క. ఈ రెండో లెక్కే సరైనది.

గొంగడి చెప్పే పాఠం

కదలని గాలితో పోలిస్తే నీరు ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. 5 డిగ్రీల చలిలో పొడిబట్టలతో ఉన్నవాడు హాయిగా నడుస్తాడు, తడిసినవాడు గజగజ వణుకుతాడు. వానలో గొర్రెల వెంట తిరిగే మన గొల్లకుర్మలు నూలు దుప్పటి కప్పుకోరు, గొంగడి కప్పుకుంటారు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. నూలు నీళ్ళు పీల్చి ఒంటికి అంటుకుపోతుంది.

కాబట్టి ఒక్క మందపాటి కోటు మీద డబ్బంతా పోయకండి. ఒంటికి ఆనుకుని పలచని ఉన్ని బనియనో, పాలిస్టరు బనియనో వేసుకోవాలి. దానిమీద స్వెట్టరు. అన్నిటికీ పైన గాలీ వానా దూరని, తలకు టోపీ కుట్టిన కోటు. జీన్సు ప్యాంటు కూడా నూలే, ఒకసారి తడిస్తే సాయంత్రందాకా ఆరదు. బూట్లు నీరు పట్టనివి రెండు జతలు ఉంటే మంచిది. తడిసిన జతలో పాత పేపర్లు కుక్కి పెడితే తెల్లారేసరికి చాలావరకు ఆరతాయి. గొడుగు మాత్రం నమ్ముకోవద్దు. అక్కడి గాలికి అది తిరగబడి ఊచలు విరగటం మొదటి వారంలోనే చూస్తారు. పై కోటు అక్కడికి వెళ్ళాక కొనుక్కుంటేనే మేలు.

ఇంట్లో ముసురు

నలుగురైదుగురు కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకోవటం మనవాళ్ళకు అలవాటు. బయట చలి అని కిటికీలన్నీ బిగించి, లోపల అన్నం వండి, ఉతికిన బట్టలు హీటరు మీద ఆరేస్తారు. ఆ తేమంతా ఎటు పోతుంది? చల్లని గోడకు తగిలి నీరై దిగుతుంది. నెల తిరిగేసరికి మంచం వెనకాల నల్లని బూజు పడుతుంది. ఆ బూజు ఆయాసం ఉన్నవారికి మరీ చెడ్డది. వండేటప్పుడు గిన్నెమీద మూత, వంటింటి తలుపు దగ్గరికి, గాలి లాగే ఫ్యాను ఆన్. రోజుకు రెండుసార్లు పది నిమిషాలు కిటికీ తీయాలి. మంచం గోడకు జానెడు ఎడంగా ఉండాలి. ఈ అయిదూ పాటిస్తే చాలు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. హీటరు బిల్లుకు భయపడో, సరదాకో గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి. మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, మగత, ఆపైన ప్రాణమే పోతుంది. మన పల్లె ఇంట్లో పెంకుల సందుల్లోంచి ఆ గాలి బయటికి పోయేది. అక్కడి ఇళ్ళకు ఆ సందులు ఉండవు. ఇంట్లో గ్యాసు బాయిలరు ఉంటే కార్బన్ మోనాక్సైడు అలారం ఉందో లేదో చేరిన రోజే చూసుకోండి. ఖర్చు తగ్గాలంటే రబ్బరు వేడినీళ్ళ సంచి ఒకటి కొనుక్కుని పక్కలో పెట్టుకోండి.

తెరిపి చూసి బయటికి

చలికంటే చీకటి ఎక్కువ బాధపెడుతుంది. డిసెంబరు 21న డబ్లిన్‌లో సూర్యుడు ఉదయం 8:40 ప్రాంతంలో వచ్చి సాయంత్రం 4:10 కల్లా వెళ్ళిపోతాడు. పగలు ఏడున్నర గంటలే. మనకు ఆ రోజు కూడా పదకొండు గంటలు ఉంటుంది. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే పిల్లలకు వారాల తరబడి ఎండే కనబడదు. నిద్ర ముంచుకొస్తుంది, క్లాసు ఎగ్గొట్టాలనిపిస్తుంది, ఇంటికి ఫోను చెయ్యబుద్ధి కాదు. అది బద్ధకం అనుకుంటారు గాని, అన్నిసార్లూ కాదు. వెలుతురు తగ్గటంవల్ల వచ్చే ఈ దిగులును నార్మన్ రోజెంతాల్ అనే డాక్టరు తన సహచరులతో కలిసి 1984లో ఒక వ్యాధిగా వర్ణించి పేరు పెట్టారు.

మందు సులువే. మధ్యాహ్నం తెరిపి ఇచ్చినప్పుడు అరగంట బయట నడవాలి. మబ్బు పట్టిన పగలైనా గదిలోని దీపం కంటే వెలుతురు ఎక్కువే. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటినుంచి మనకూ వాళ్ళకూ తేడా అయిదున్నర గంటలు. అక్కడి మధ్యాహ్నం 12 మనకు సాయంత్రం 5:30. నడుస్తూ నడుస్తూ అమ్మతో మాట్లాడవచ్చు. ఆ నెలల్లో అక్కడి ఎండ ఒంట్లో డి విటమిను పుట్టించటానికి చాలదు. రోజుకు 10 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోమని బ్రిటన్ ఆరోగ్యశాఖ సలహా. మనలాంటి చామనఛాయ వాళ్ళు ఏడాది పొడవునా వేసుకునే సంగతి ఆలోచించమనీ చెబుతారు. రెండు వారాలైనా దిగులు వదలకపోతే కళాశాల డాక్టరును కలవండి, అందులో సిగ్గేమీ లేదు. సైకిలు మీద తిరిగేవారికి ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం చట్టప్రకారం ఉండితీరాలి.

తుఫానూ, సముద్రమూ

1977 నవంబరు దివిసీమ ఉప్పెన గురించి పెద్దలు చెప్పగా విన్నవాళ్ళం మనం. కాని హయత్‌నగర్‌కు సముద్రం ఎంతో దూరం. అక్కడ అది పక్కవీధిలో ఉంటుంది. తుఫాను వస్తుందంటే వాతావరణశాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరిక ఇస్తుంది. ఎరుపు అంటే గడప దాటవద్దని. 2025 జనవరి 24న ఎయోవిన్ తుఫానులో ఐర్లాండు పడమటి తీరాన గాలి గంటకు 180 కిలోమీటర్లు దాటింది. ఏడు లక్షలకు పైగా ఇళ్ళకూ దుకాణాలకూ కరెంటు పోయింది. టార్చి, ఛార్జి చేసిన ఫోను, రెండు రోజులు వండకుండా తినగలిగే తిండి ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి.

అలలు చూద్దామని గాలిరోజున రేవు గోడల మీదికి, రాళ్ళ మీదికి పోవద్దు. చల్లని నీటిలో పడగానే మనిషికి తెలియకుండానే గుక్క పట్టుకుపోతుంది, నీరు మింగేది అప్పుడే. ఈత వచ్చినవాడికైనా అంతే. అలా పడితే కొట్టుకోకుండా వెల్లకిలా తేలి, ఊపిరి కుదుటపడ్డాక సాయం పిలవాలి. ఆపదకు ఫోను నంబరు 112, లేదా 999.

పెట్టెలో ఏముండాలి?

అమ్మ చేతి నెయ్యి ఐర్లాండుకు తీసుకుపోవటానికి లేదు. బయటి దేశాల ప్రయాణికులు పాలపదార్థాలు, మాంసం తేవటం ఐరోపా యూనియన్ దేశాల్లో నిషేధం. సకినాలు, కారప్పొడులు, పచ్చళ్ళు సర్దుకోండి. డిసెంబరు 25న డబ్లిన్‌లో బస్సులు, రైళ్ళు నడవవు, దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు. ముందురోజే సరుకులు తెచ్చుకుని, ఒంటరిగా ఉన్న తోటివాణ్ణి భోజనానికి పిలవండి. ఆ ముసురులో నలుగురు కూడి తినే వేడివేడి పప్పన్నం కంటే మంచి హీటరు లేదు.

ఫిబ్రవరి చివరికి పగలు పదిన్నర గంటలు దాటుతుంది. మార్చిలో పసుపుపచ్చని డాఫొడిల్ పూలు విచ్చుకుంటాయి. ముసురు పట్టినంత కాలం ఒంటిని పొడిగా, గదిని గాలాడేట్టు, మనసును నలుగురిలో ఉంచుకున్నవాడికి ఆ మార్చి తప్పక వస్తుంది. మిత్రులారా, క్షేమంగా వెళ్ళి లాభంగా రండి.