అడ్డుకునే చేయి, దండించే చేయి: న్యూజీలండ్ 59వ సెక్షన్

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెత తెలుగు ఇళ్ళలో తరచు దెబ్బకు సమర్థనగా వినిపిస్తుంది. ఇటువంటి నమ్మకానికి న్యూజీలండ్‌లో ఒకప్పుడు చట్టం అండ కూడా ఉండేది. 1961 నాటి నేరాల చట్టంలోని 59వ సెక్షన్ ప్రకారం, బిడ్డను సరిదిద్దడానికి తల్లిదండ్రులు ప్రయోగించిన బలం ‘సమంజసం’ అయితే అది నేరం కాదు. ఏది సమంజసమో తేల్చే పని జ్యూరీది. కొరడాతో కొట్టినవారు సైతం ఈ వాదనతో నిర్దోషులుగా బయటపడ్డారు.

గ్రీన్ పార్టీ సభ్యురాలు సూ బ్రాడ్‌ఫర్డ్ 2005లో ప్రవేశపెట్టిన బిల్లు ఈ రక్షణను తొలగించింది. 2007 మే 16న 113 మంది సభ్యుల మద్దతుతో ఆమోదం పొంది, జూన్ 21న అమలులోకి వచ్చింది.

కొత్త సెక్షన్ బలప్రయోగాన్ని పూర్తిగా నిషేధించలేదు. దాని ఉద్దేశాన్ని ప్రశ్నించింది. హాని, నేరం, అభ్యంతరకరమైన లేదా అల్లరి ప్రవర్తన, వీటిని ఆపడానికీ, రోజువారీ పెంపకపు పనులకూ సమంజసమైన బలం వాడవచ్చు. సరిదిద్దడానికి మాత్రం ఎంత స్వల్పంగానైనా వాడరాదు. రోడ్డు మీదికి పరుగెత్తుతున్న బిడ్డను చేయి పట్టి లాగడం రక్షణ. లాగిన తరువాత ‘మళ్ళీ ఇలా చేయకూడదు’ అని వేసే దెబ్బ శిక్ష. దానికి ఈ సెక్షన్‌లో సమర్థన లేదు. ప్రేమతోనే కొట్టామన్న జవాబు ఇక్కడ పనికిరాదు. తల్లిదండ్రుల స్థానంలో ఉండి బిడ్డను చూసుకునేవారికీ ఇదే నియమం. పిల్లల కోసం ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలు ఆ స్థానంలో ఉంటే వారికీ మినహాయింపు లేదు.

అయితే ప్రతి చిన్న దెబ్బా కోర్టుకెక్కాలని చట్టం కోరలేదు. ప్రజాప్రయోజనం లేనంత అల్పమైన సందర్భాల్లో కేసు పెట్టకుండా ఉండే విచక్షణ పోలీసులకు ఉంది. అది పోలీసుల విచక్షణే కాని, తల్లిదండ్రులకిచ్చిన అనుమతి కాదు.

2009లో జరిగిన రెఫరెండంలో ఓటువేసినవారిలో దాదాపు 87 శాతం, మంచి పెంపకంలో భాగంగా వేసే దెబ్బ నేరం కాకూడదన్నారు. ‘మంచి’ అన్న మాటతోనే ప్రశ్న జవాబును సూచించిందని విమర్శ వచ్చింది. ఆ తీర్పుకు ప్రభుత్వం కట్టుబడనవసరం లేదు. ప్రధాని జాన్ కీ చట్టాన్ని మార్చలేదు.

భారతదేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షను నిషేధించింది, ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. న్యూజీలండ్ 1990లోనే బడిలో బెత్తాన్ని నిషేధించి, పదిహేడేళ్ళకు ఆ గడప దాటింది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం మొదట గ్రహించవలసిన తేడా ఇదే.