అడిగింది ఎనభై, ఇచ్చింది వంద
బాటసింగారం పక్కదారిలో భూదానం కథ

ఎండాకాలం వచ్చిందంటే బాటసింగారంలో తెల్లారకముందే మామిడి లోడ్లు దిగుతాయి. హైదరాబాద్ గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2022లో ఇక్కడి లాజిస్టిక్స్ పార్కుకు మారాక, విజయవాడ హైవే మీది ఈ ఊరి పేరు తెలియని తోట రైతు లేడు. ఇటు అవుటర్ రింగ్ రోడ్డు, అటు రామోజీ ఫిల్మ్‌సిటీ, నడుమంతా వెంచర్ల బోర్డులు. ఎకరాల్లో మాట్లాడుకున్న నేలను ఇప్పుడు గజాల్లో కొలుస్తున్నారు.

ఈ హైవే మీదే ఇంకొంత దూరం పోయి, కొత్తగూడెం చౌరస్తాలో ఎడమకు తిరిగితే పోచంపల్లి. ఇక్కత్ చీరలతో లోకానికి తెలిసిన ఊరు. దాని పేరు ముందు ‘భూదాన్’ చేరడానికి కారణం వెదిరె రామచంద్రారెడ్డి అనే భూస్వామి.

ఆ మధ్యాహ్నం

1951 ఏప్రిల్. కమ్యూనిస్టులు నడిపిన తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు. దొరల భూములను పేదలు దున్నుకోవడం, పోలీసులు, సైన్యం వచ్చి వెళ్లగొట్టడం నల్లగొండ పల్లెల్లో మామూలైపోయిన రోజులు. హైదరాబాద్ దగ్గరి శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనానికి వార్ధా నుంచి కాలినడకన వచ్చిన గాంధీ శిష్యుడు వినోబా భావే, జైల్లో ఉన్న కమ్యూనిస్టులతో మాట్లాడి, మళ్లీ నడక మొదలుపెట్టారు. 18వ తేదీన పోచంపల్లి చేరారు. ఊళ్లో సుమారు 700 కుటుంబాలుంటే, మూడింట రెండొంతుల మందికి సెంటు భూమి లేదు.

వినోబా దళితవాడకు వెళ్లి, ఏం కావాలని అడిగారు. నలభై కుటుంబాలకు ఎనభై ఎకరాలు చాలన్నారు వాళ్లు. సగం తరి, సగం మెట్ట. సర్కారు ఇచ్చేలోగా ఊరివాళ్లే ఏమైనా చేయగలరా అని వినోబా అక్కడున్న వాళ్లను అడిగారు. రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. సాయంత్రం ప్రార్థన సభలో అదే మాట ఊరందరి ముందు మళ్లీ చెప్పారు.

అడగకుండానే ఇరవై ఎకరాలు ఎక్కువ! ఆ ఒక్క మాటతో వినోబాకు దారి దొరికింది: ఉన్నవాళ్లను అడిగి లేనివాళ్లకు నేల ఇప్పించే భూదానం. 51 రోజులు తెలంగాణ పల్లెలు తిరిగితే 12,201 ఎకరాలు వచ్చాయి. తర్వాత దేశమంతా నడిచి 40 లక్షల ఎకరాలకు పైగా హామీలు రాబట్టారు.

మాటకూ పట్టాకూ నడుమ

హామీ వేరు, సాగు వేరు. దానంగా వచ్చిన దాంట్లో రాళ్లగుట్టలున్నాయి, కోర్టు తగాదాల్లో నలిగినవీ ఉన్నాయి. పంచకుండా కాగితాల్లోనే మిగిలిందీ చాలా ఉంది. ఆంధ్రప్రదేశ్ 1965లో భూదాన, గ్రామదాన చట్టం తెచ్చింది. దాని ప్రకారం, దానం పొందిన వాళ్ల పిల్లలకు ఆ భూమి వారసత్వంగా వస్తుంది. అమ్ముకునే హక్కు మాత్రం లేదు. నగరం దూరంగా ఉన్నన్నాళ్లూ ఆ నిబంధన పెద్దగా అడ్డు కాలేదు. నగరం హయత్‌నగర్ దాటి వచ్చాక, హైవే పక్కన భూదాన్ సర్వే నంబర్లు తగాదాలుగా మారాయి.

దానికి సాక్ష్యం హయత్‌నగర్ పక్కనే ఉన్న కుంట్లూరు. అక్కడ భూదాన్ భూమిగా చెప్పే స్థలంలో పేదలు సీపీఐ అండతో గుడిసెలు వేసుకున్నారు. ఆ బస్తీ పేరు రావి నారాయణరెడ్డి నగర్. భువనగిరి దగ్గరి బొల్లేపల్లి భూస్వామి కుటుంబంలో పుట్టి, సొంత భూమిని పేదలకు పంచి, సాయుధ పోరాటానికి నాయకత్వం వహించిన మనిషి ఆయన. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు.

కమ్యూనిస్టుల దారికి విరుగుడుగా భూదానం పుట్టిందని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. కుంట్లూరులో మాత్రం భూదాన్ నేల మీద కమ్యూనిస్టు నాయకుడి పేరే బోర్డుకెక్కింది. ఇద్దరు రెడ్లూ ఇవ్వగలిగింది ఇచ్చారు. ఇచ్చినదాన్ని సర్వే నంబరుతో సహా కాపాడి, అర్హుడి చేతికి పట్టా అందించాల్సింది సర్కారు. డెబ్బై ఏళ్లు దాటినా తేలని బాకీ అదే.