ఆ అయిదు శాతం మనుషుల మాటేంటి?

మెషీన్‌ లెర్నింగ్‌ ల్యాబ్‌లో మాకు మార్కులు పడేది ప్రోగ్రామ్‌ ఎంత కచ్చితంగా చెబుతోందన్న దాన్నిబట్టే. 95 శాతం వస్తే క్లాసంతా చప్పట్లు. అదే ప్రోగ్రామ్‌ని పది లక్షల మంది మీద వాడితే 50 వేల మంది విషయంలో తప్పు చెబుతుంది. వాళ్లెవరు, వాళ్ల గతేంటి అని ఏ పరీక్షలోనూ అడగరు. అందుకే హైదరాబాద్‌లో నేను చదువుతున్న ఇంజినీరింగ్‌ కాలేజీలో విద్యార్థి ప్రతినిధిగా ఒక్కటే పట్టుబట్టా... ఏఐతోపాటు దాని మంచీచెడూ నేర్పండి అని!

ఇదంతా అమెరికా గొడవ అనుకుంటారు చాలామంది. నిజమే, అక్కడ స్నేహా రేవనూర్‌ అనే అమ్మాయి పదిహేనేళ్లకే, 2020లో 'ఎన్‌కోడ్‌ జస్టిస్‌' మొదలుపెట్టింది. బెయిల్‌కి డబ్బు కట్టించుకునే బదులు, ఎవరిని విడుదల చేయాలో తేల్చడంలో కంప్యూటర్‌ లెక్కల్ని వాడాలన్న ప్రతిపాదనపై కాలిఫోర్నియాలో పోరాడింది. ఓటర్లు దాన్ని తిరస్కరించారు.

మరి మన దగ్గర? తెలంగాణలో 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థ వేర్వేరు శాఖల వివరాల్ని పేర్లు, చిరునామాల ఆధారంగా కలుపుతుంది. పథకాలకు ఎవరు అర్హులో చూడ్డానికి దాన్ని వాడారు. పేరు కాస్త కలిస్తే చాలు, ఒకరి కారు ఇంకొకరి పేరున పడొచ్చు. కారుంటే రేషన్‌ కార్డు పోయినట్టే! అలా నష్టపోయిన పేదల కథలు తర్వాత బయటికొచ్చాయి. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డుల్ని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అలాంటి ప్రోగ్రాములు రాసేది రాక్షసులేం కాదు, మాలాంటి ఇంజినీర్లే.

'హ్యూమన్‌ వాల్యూస్‌ సబ్జెక్టు ఉందిగా, ఇంకేం కావాలమ్మా?' అన్నారు మా హెచ్‌ఓడీ సర్‌. 'అది క్లాసులోనే ఆగిపోతోంది సర్‌, ల్యాబ్‌లోకి రావట్లేదు' అన్నా. ఆయన కాసేపు ఆలోచించి 'సిలబస్‌ యూనివర్సిటీది. ల్యాబ్‌ రికార్డులో ఒక పేజీ అయితే నేను ఇవ్వగలను' అన్నారు.

అదే చాలనుకున్నాం. ఇప్పుడు ప్రతి ప్రాజెక్టుకీ మూడు ప్రశ్నలు. డేటాలో ఎవరు లేరు? తప్పు జరిగితే ఎవరి మీద పడుతుంది? వాళ్లు ఎవరికి చెప్పుకోవాలి? బ్యాంకు రుణాలపై ప్రాజెక్టు చేసిన జూనియర్లు ఆడవాళ్ల దరఖాస్తుల్ని విడిగా చూశారు. మొత్తంమీద బాగున్న ఫలితం అక్కడ బాగా పడిపోయింది. ఆ డేటాలో ఆడవాళ్లు తక్కువ మరి!

'అక్కా, రేపు ఉద్యోగంలో ఇవన్నీ అడిగితే మేనేజర్‌ ఊరుకుంటాడా?' అందో అమ్మాయి. ఊరుకోకపోవచ్చు. కానీ జనం అన్నానికి దూరమయ్యాక కోర్టు అడిగేకన్నా, ముందే మనం అడగడం నయం కదా.

ఇక మిగిలింది ఒకటే... ఆ పేజీకి మార్కులుండాలి. మార్కుల్లేనిది ఇంజినీరింగ్‌లో ఎవరూ చదవరు. ఆ సంగతి మాకన్నా ఎవరికి తెలుసు?