పదును దాటకముందే

ధర్మవరం దగ్గర ఒక పల్లెలో, అరుగు మీద చెనిక్కాయలు వలుస్తున్న ఎనిమిదేళ్ల పిల్లను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. పుట్టుకతోనే ఎడమ మోచేతి కింద చెయ్యి లేదు. కాయను మోచేతి మొనతో మోకాలికి అదిమిపెట్టి కుడిచేత్తో చిట్లగొడుతుంది. మొండి కాయైతే పంటి కిందికి పోతుంది. వాళ్లమ్మ చేట కంటే ఈ పిల్ల చేటలో గింజలు కాస్త తక్కువ, అంతే.

ఆ లేని చేతి కోసం మెదడులో ఉండాల్సిన చోటు ఏమైనట్టు? మెదడు పైపొరలో ఒక్కో అవయవానికీ ఒక్కో మడి ఉంటుంది. చేతిది పెద్ద మడి. చెయ్యే లేకపోతే అది బీడు పడాలి కదా. పడదు! ఒక చెయ్యి లేకుండా పుట్టిన 17 మంది మీద నాడీశాస్త్రవేత్త తమర్ మేకిన్ బృందం చేసిన పరిశోధన 2017లో వెలువడింది. డబ్బు తీసివ్వడం, కానుకకు కాగితం చుట్టడం లాంటి పనులు వాళ్లెలా చేసుకుంటారో ముందు వీడియో తీశారు. తర్వాత స్కానర్‌లో పడుకోబెట్టి పెదవులు, పాదాలు, మిగిలిన చేతిభాగం కదపమన్నారు. ఏది కదిపినా లేని చేతి మడిలో అలికిడి కనిపించింది. అది అసలు చేతి మడా, లేక చేతిపని మడా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది.

చూపు సంగతీ ఇలాంటిదే. పసితనం నుంచీ చూపు లేనివాళ్లు బ్రెయిలీ చదువుతుంటే మెదడులో చూపు కోసం ఉన్న భాగం పనిచేస్తుందని 1996లోనే తేలింది. అనంతపురం జిల్లాలో ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే అంధబాలల బడిలో చుక్కల మీద పరుగెత్తే వేళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

అలాగని మెదడు ఎప్పుడైనా, ఎలాగైనా మారిపోతుందనుకుంటే పొరపాటు. కొత్త శక్తులేవీ పుట్టవు, లోపల ముందునుంచీ ఉన్న దారులే వాడకంతో బలపడతాయని మేకిన్, మరో నాడీశాస్త్రవేత్త జాన్ క్రాకవర్ 2023లో గట్టిగా వాదించారు. పైగా దేనికైనా పదును ఉంటుంది. వాన పడ్డాక నేలలో తడి ఉండగానే విత్తనం వెయ్యాలని అనంతపురం రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మెదడుకు ఆ పదును ఎంత ముఖ్యమో హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులతో కలిసి జర్మనీ శాస్త్రవేత్త బ్రిగిట్ రోడర్ 2013లో చూపించారు. మనిషి ముఖం కనబడగానే, సెకనులో ఆరో వంతులో, మెదడు మిగతా వస్తువులకు ఇవ్వనంత బలమైన సంకేతం ఇస్తుంది. రెండు కళ్లలోనూ శుక్లాలతో పుట్టి, తర్వాత ఆపరేషన్‌తో చూపు వచ్చినవాళ్లలో ఆ తేడా లేదు. ముఖమైనా, మరొకటైనా ఒకటే సంకేతం. కొన్నాళ్లు బాగా చూశాక శుక్లాలు వచ్చినవాళ్లలో మాత్రం తేడా మామూలుగానే ఉంది.

చెయ్యి లేని పిల్లను పళ్లతో వలవొద్దని, కాలితో తీయొద్దని అదిలించకండి. తనకు వీలైనట్టు చెయ్యనివ్వండి. కానీ చంటిబిడ్డ కంటిపాప తెల్లగా మెరిస్తే మాత్రం, కాయ సొమ్ము చేతికొచ్చాక చూద్దామని ఆగకుండా, ఆ వారమే కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.