పగటి వెలుగులో ఏ ఫోను ఫొటో మేలు? ఐఫోన్ 15 ప్రో మాక్స్, గెలాక్సీ ఎస్24 అల్ట్రా తేడాలు

పెళ్లిళ్ల రోజులు దగ్గర పడితే చాలు, ఇంట్లో కొత్త ఫోను మాట వస్తుంది. ఐఫోన్ కొనాలని ఒకరు, శాంసంగ్ కొనాలని మరొకరు. లక్ష దాటిన ఫోను కాబట్టి చాలామంది ఈఎంఐ మీదే తీసుకుంటారు. కొనడానికి అందరూ చెప్పే కారణం కెమెరా. అయితే మనం తీసే ఫొటోల్లో ఎక్కువ భాగం పగటిపూట తీసేవే. ముహూర్తం పందిరి, గుడి ముందు కుటుంబమంతా కలిసి దిగేది, బడిలో జెండా పండుగ, యానాంలో గోదావరి గట్టు, షోలాపూర్‌లో మగ్గం మీది దుప్పటి రంగులు. మరి ఆ పగటి వెలుగులో ఈ రెండు ఫోన్ల మధ్య తేడా ఎంత? ఆ తేడా ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు?

ఇక్కడ పోలిక కోసం తీసుకున్నవి 2023 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 15 ప్రో మాక్స్, 2024 జనవరిలో వచ్చిన గెలాక్సీ ఎస్24 అల్ట్రా. 256 జీబీ మోడల్‌కు మన దేశంలో విడుదలనాటి ధర ఐఫోన్‌ది రూ.1,59,900, శాంసంగ్‌ది రూ.1,29,999. వీటి తర్వాత ఐఫోన్ 16 ప్రో మాక్స్, ఎస్25 అల్ట్రా వచ్చాయి. వాటిలోనూ మెయిన్ కెమెరాలు 48, 200 మెగాపిక్సెళ్ల దగ్గరే ఉన్నాయి, కంటికి కనిపించే పెద్ద మార్పు అల్ట్రావైడ్ కెమెరాలో జరిగింది. అందువల్ల ఇక్కడ చెప్పే సంగతుల్లో చాలావరకు ఆ కొత్త ఫోన్లకూ పనికొస్తాయి.

200 అంటే 48 కంటే నాలుగు రెట్లు మేలా?

కాదు. మెగాపిక్సెల్ అంటే వెలుగును పట్టే చిన్న చిన్న గళ్లు పది లక్షలు. ఒకే స్థలాన్ని ఎక్కువ గళ్లుగా విడగొడితే ఒక్కో గడి చిన్నదవుతుంది. శాంసంగ్ 200 మెగాపిక్సెల్ సెన్సర్‌లో ఒక్కో గడి 0.6 మైక్రాన్లు. ఐఫోన్ 48 మెగాపిక్సెల్ సెన్సర్‌లో ఒక్కోటి 1.22 మైక్రాన్లు. ఇంత చిన్న గడిలోకి వచ్చే వెలుగు తక్కువ. అందుకని ఫోన్లు పక్కపక్క గళ్లను కలిపి ఒక్కటిగా లెక్కిస్తాయి. శాంసంగ్ 16 గళ్లను కలిపితే 2.4 మైక్రాన్ల పెద్ద గడి వస్తుంది. ఐఫోన్ 4 గళ్లను కలిపితే 2.44 మైక్రాన్లు వస్తుంది. అంటే చివరికి రెండూ దాదాపు ఒకే చోటికి చేరాయి.

మామూలుగా బటన్ నొక్కితే శాంసంగ్ ఇచ్చేది 12 మెగాపిక్సెళ్ల ఫొటో. ఐఫోన్ ఇచ్చేది 24 మెగాపిక్సెళ్లది. వెలుగు నీడల వివరాన్ని 12 మెగాపిక్సెళ్ల ఫ్రేముల నుంచి, సన్నని గీతల వివరాన్ని 48 మెగాపిక్సెళ్ల ఫ్రేము నుంచి తీసుకొని ఐఫోన్ ఆ 24ను తయారు చేస్తుంది. శాంసంగ్‌లో పూర్తి 200 కావాలంటే కెమెరా తెరలో విడిగా ఎంచుకోవాలి. మంచి ఎండలో, కదలని దృశ్యానికి ఆ వివరం నిజంగానే కనిపిస్తుంది. గోపురం మీది బొమ్మల్ని ఒక్కొక్కటిగా చూడాలంటే అది అక్కరకొస్తుంది. కానీ ఫైలు బాగా పెద్దది, ఫొటో సిద్ధం కావడానికి సమయం పడుతుంది, ఎండ నీడల సర్దుబాటు కూడా 12 మెగాపిక్సెళ్ల ఫొటోలో ఉన్నంత బాగా ఉండదు.

ఎండలో తేడా ఎందుకు తగ్గుతుంది?

కెమెరాకు కష్టకాలం చీకటి. పగలు వెలుగు దండిగా ఉంటుంది కాబట్టి షట్టరు సెకనులో వెయ్యో వంతు తెరుచుకున్నా సరిపోతుంది. చెయ్యి వణికినా ఫొటో చెదరదు. చీకట్లో కనిపించే గరుకు చుక్కలు రావు. అందుకే రాత్రి ఫొటోల్లో పాతిక వేల ఫోనుకూ లక్షన్నర ఫోనుకూ మధ్య కనిపించేంత తేడా పగటి ఫొటోల్లో కనిపించదు. పగలు మిగిలే తేడాకు ముఖ్య కారణం లెన్సు కాదు, ఫొటో తీశాక ఫోను లోపలి సాఫ్ట్‌వేర్ చేసే నిర్ణయాలు. నీడను ఎంత వెలిగించాలి, రంగును ఎంత పెంచాలి, అంచులను ఎంత పదును పెట్టాలి అన్నవే ఆ నిర్ణయాలు. కంపెనీ ఇష్టం మన ఫొటోలోకి వచ్చేది అక్కడే.

ముఖం, తెల్ల పంచె, ఎర్ర పట్టుచీర

పగటి ఫొటోకు మన ఇళ్లలో దొరికే మంచి పరీక్ష ఇదే. మధ్యాహ్నం పందిరి కింద నిలబడ్డ పెద్దాయనను ఊహించుకోండి. ముఖం నీడలో ఉంటుంది, తెల్ల పంచె మీద ఎండ పడుతుంది, వెనక ఆకాశం మెరుస్తుంది. ముఖం కనిపించేలా ఫొటో తీస్తే పంచె తెల్లగా పేలిపోయి మడతలు మాయమవుతాయి. పంచె కోసం తీస్తే ముఖం నల్లబడుతుంది. ఈ ఫోన్లు అనేక ఫ్రేములు తీసి కలిపి రెంటినీ నిలబెడతాయి. దాన్నే హెచ్‌డీఆర్ అంటారు.

ఈ పనిలో ఐఫోన్‌కు నీడలను బాగా పైకి లేపే అలవాటుంది. వివరం దక్కుతుంది గాని, ఒక్కోసారి ఎండా నీడా తేడా తగ్గి ముఖం చదునుగా కనిపిస్తుంది. రంగులో కొద్దిగా వెచ్చదనం, అంటే పసుపు ఛాయ ఉంటుంది. శాంసంగ్ ఫొటో మొత్తం మీద కాస్త వెలుగ్గా, పదునుగా, చూడగానే ఆకట్టుకునేలా వస్తుంది. పాత మోడళ్లతో పోలిస్తే ఎస్24 అల్ట్రాలో రంగుల జోరు కొంత తగ్గింది. అయినా ఆకు పచ్చ, ఆకాశ నీలం ఇంకా కాస్త ముందుకు వస్తాయి.

ఎర్ర పట్టుచీర, కుంకుమ, బంతిపూలు ఏ కెమెరాకైనా కష్టమైనవే. ముదురు ఎరుపును ఇంకా పెంచితే సెన్సర్‌లో ఎరుపు భాగం నిండిపోయి, నేత గీతలు కలిసిపోతాయి. చీర ఎర్ర ముద్దలా కనిపిస్తుంది. నేత వృత్తిలో ఉండి చీరలు, దుప్పట్లు ఫొటో తీసి బేరానికి పంపేవారు ఇది గుర్తుంచుకోవాలి. ఫొటోలో చూసిన రంగు చేతికొచ్చిన సరుకులో లేకపోతే కొన్నవారు వెనక్కి పంపేస్తారు. ఇలాంటి పనికి సరుకును నేరుగా ఎండలో పెట్టవద్దు. వాకిలి నీడలో, తెల్ల గోడ పక్కన పెట్టి తీస్తే రెండు ఫోన్లూ అసలు రంగుకు దగ్గరగా ఇస్తాయి.

ఇక చర్మం రంగు. ఫిల్ము రోజుల్లోనే అమెరికా ల్యాబులు రంగులను సరిచూసుకోవడానికి ‘షిర్లీ కార్డు’ అనే తెల్లజాతి యువతి ఫొటోను కొలబద్దగా పెట్టుకున్నాయి. నల్లని, చామనచాయ ముఖాలు ఆ కొలతలో సరిగా ఇమడలేదు. 2021లో గూగుల్ తన పిక్సెల్ 6 ఫోనుతో పాటు ‘రియల్ టోన్’ పేరుతో ఈ లోపాన్ని దిద్దే ప్రయత్నం చేసింది. నేటి ఖరీదైన ఫోన్లలో పరిస్థితి చాలా మెరుగుపడింది. అయినా చామనచాయ ముఖాన్ని ఒక మెట్టు తెల్లగా చేసే సందర్భాలు ఇంకా ఉన్నాయి. శాంసంగ్ వెలుగు పెంచడం వల్లా, ఐఫోన్ నీడలను లేపడం వల్లా ఇది జరగవచ్చు. ముందు కెమెరాలో ఫిల్టర్లు, చర్మాన్ని నున్నగా చేసే సెట్టింగులు ఆపి ఉన్నాయో లేదో తప్పక చూసుకోండి. పదేళ్ల తర్వాత అమ్మమ్మ ఫొటో చూసే పిల్లలకు కనిపించాల్సింది అమ్మమ్మ ముఖమే.

దూరంగా ఉన్నది దగ్గరగా

ఐఫోన్‌లో 5 రెట్ల జూమ్ లెన్సు 12 మెగాపిక్సెళ్లది. ఎస్24 అల్ట్రాలో 3 రెట్లకు 10 మెగాపిక్సెళ్ల లెన్సు, 5 రెట్లకు 50 మెగాపిక్సెళ్ల లెన్సు వేరువేరుగా ఉన్నాయి. ఈ రెండోదాని మధ్య భాగాన్ని కత్తిరించి 10 రెట్ల ఫొటో కూడా బాగానే ఇస్తుంది. అందువల్ల పగటిపూట 3 రెట్ల దగ్గర, 10 రెట్ల దగ్గర శాంసంగ్‌దే పైచేయి. రథోత్సవంలో జనం వెనక నిలబడి తీసేవారికి, బడి వేదిక మీది పిల్లల్ని తీసేవారికి ఇది అసలైన లాభం. 100 రెట్ల జూమ్ మాత్రం ప్రకటన కోసమే అనుకోండి.

పరుగెత్తే పిల్లల విషయంలో ఐఫోన్ నమ్మకంగా పనిచేస్తుంది. నొక్కగానే తీస్తుందన్న పేరు దానికి ఉంది. శాంసంగ్ ఫోన్లలో నొక్కిన క్షణానికీ ఫొటో పడిన క్షణానికీ మధ్య చిన్న జాప్యం ఉంటుందన్న ఫిర్యాదు చాలాకాలంగా ఉంది. ఎండలో అది తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. మరోవైపు, సూర్యుడు ఎదురుగా ఉంటే ఐఫోన్ ఫొటోల్లో చిన్న ఆకుపచ్చ చుక్కలు పడే అవకాశం ఎక్కువ. శాంసంగ్ తెర మీది గాజు ప్రతిబింబాలను బాగా తగ్గిస్తుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం కూడా ఏం తీస్తున్నామో స్పష్టంగా కనబడుతుంది.

మన పాత కాగితాలకు ఏది మంచిది?

ఆంధ్ర, తెలంగాణలకు వెలుపల తరతరాలుగా ఉన్న మన ఇళ్లకు ఈ విషయం ముఖ్యమైనది. తాతల నాటి తెలుగు దస్తావేజులు, ఉత్తరాలు, జమాఖర్చు పుస్తకాలు పెట్టెల్లో చివికిపోతున్నాయి. తమిళనాడు, కర్ణాటక గుళ్లలో విజయనగర, నాయక రాజుల కాలపు తెలుగు శాసనాలు ఎండకు ఎండి వానకు తడుస్తున్నాయి. చుట్టుపక్కల తెలుగు చదివేవారు తగ్గుతున్న కొద్దీ, ఫొటోలో అక్షరం చెడితే సరిదిద్దేవారు కూడా ఉండరు.

తెలుగు లిపిలో ‘ద’కూ ‘ధ’కూ, ‘ప’కూ ‘ఫ’కూ మధ్య ఉన్నది చిన్న ఒత్తు మాత్రమే. ‘పి’కీ ‘పీ’కీ తేడా గుడి చివరి వంపు. తెలుగు అంకెల్లో ౨, ౩ చూడ్డానికి దగ్గరగా ఉంటాయి. అంచులను అతిగా పదును పెట్టే సాఫ్ట్‌వేర్, చుక్కలు తుడిచి నున్నగా చేసే సాఫ్ట్‌వేర్ రెండూ ఇక్కడ ప్రమాదమే. ఫోను ఒక్కోసారి తాను చూడని వివరాన్ని కూడా కల్పించి చూపగలదు. 2023 మార్చిలో ఒక వాడకందారు మసకబార్చిన చంద్రుడి బొమ్మను కంప్యూటర్ తెర మీద పెట్టి శాంసంగ్ ఫోనుతో తీస్తే, ఫొటోలో లేని మచ్చలు కూడా స్పష్టంగా వచ్చాయి. చంద్రుడిని గుర్తించి ఏఐ ద్వారా వివరాన్ని మెరుగుపరుస్తామని కంపెనీ కూడా వివరించింది. చంద్రుడి విషయంలో ఇది వేడుక. సర్వే నంబరు విషయంలో అది తగవుకు దారితీస్తుంది.

కాబట్టి ఏ ఫోనైనా ఇలా చేయండి. కాగితాన్ని కిటికీ దగ్గర, నేరు ఎండ పడని వెలుగులో పరచండి. ఫోనును మరీ దగ్గరకు తీసుకెళ్తే అది తనంతట తానే అల్ట్రావైడ్ కెమెరాకు మారుతుంది, అంచుల్లో అక్షరాలు వంగుతాయి. కాస్త దూరంగా జరిగి 2 రెట్ల జూమ్‌తో తీయండి. శాంసంగ్‌లో కెమెరా సెట్టింగుల్లోని ‘ఇంటెలిజెంట్ ఆప్టిమైజేషన్’ను కనిష్ఠానికి తగ్గించండి. ఐఫోన్‌లో ‘ప్రో రా’ను గానీ 48 మెగాపిక్సెళ్ల ఎంపికను గానీ వాడండి. శాసనాలను ఉదయమో సాయంత్రమో ఏటవాలు ఎండలో తీస్తే చెక్కిన గీతల్లో నీడ పడి అక్షరం లేస్తుంది. ఈ జాగ్రత్తలు తీసుకుంటే కాగితాల పనికి రెండు ఫోన్లూ సమానమే. నిజానికి పాతిక వేల ఫోను కూడా సరిపోతుంది.

తీసిన ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే వివరం పోతుంది. 2023 ఆగస్టులో వచ్చిన ‘హెచ్‌డీ’ ఎంపిక కొంత మేలు. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది. ఐఫోన్ ఫొటోలు కొన్ని పాత కంప్యూటర్లలో తెరుచుకోవు. కెమెరా సెట్టింగుల్లో ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

షాపులో ఇలా పరీక్షించండి

షాపు లోపలి దీపాల కింద తీసి చూస్తే పగటి ఫొటో సంగతి తెలియదు. సిబ్బందిని అడిగి గుమ్మం దాకా వెళ్లండి. ఇంటి నుంచి ఒక తెల్ల గుడ్డ, ఒక ఎర్ర గుడ్డ, చిన్న అక్షరాలున్న తెలుగు కాగితం తీసుకెళ్లండి. ఇంట్లోవారిని నీడలో నిలబెట్టి, వెనక ఎండ ఉండేలా రెండు ఫోన్లతోనూ తీయండి. ఆ ఫొటోలను ఆ ఫోన్ల తెరల మీద పోల్చవద్దు. ఖరీదైన ఫోను తెర తన ఫొటోను తానే మిలమిల మెరిపించి చూపిస్తుంది. రెండింటినీ డాక్యుమెంటుగా మీ పాత ఫోనుకు పంపుకొని, దాని మీదే చూడండి. తెల్ల గుడ్డ మడతలు, ఎర్ర గుడ్డ నేత, ముఖం ఛాయ, కాగితం మీది ఒత్తులు, ఈ నాలుగూ చాలు.

దూరపు ఫొటోలు ఎక్కువ తీసేవారికి ఎస్24 అల్ట్రా మేలు, పైగా విడుదలనాటి ధర లెక్కన దాదాపు రూ.30 వేలు మిగులుతాయి. పరుగెత్తే పిల్లలు, వీడియోలు ముఖ్యమైనవారికి ఐఫోన్ మేలు. ఎండలో ఇంటివాళ్ల ఫొటోలు, పాత కాగితాలు మాత్రమే మీ అవసరమైతే, ఈ రెంటిలో ఏదో ఒకటి కొనేందుకు అప్పు చేయాల్సిన పని లేదు. ఇప్పుడు చేతిలో ఉన్న ఫోను లెన్సును మెత్తటి గుడ్డతో తుడిచి, ఈ ఆదివారం పొద్దున్నే పెట్టెలోని దస్తావేజులు కిటికీ దగ్గరకు తీయండి. ఫోను ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, చివికిపోయిన కాగితం తిరిగి రాదు.